కార్మొడీకి వన్స్‌మోర్ కొట్టను

మా ఆయన ఆరో నెల మాసికం శనివారం పడింది. అదే శనివారం సాయంత్రం ఫీనిక్స్‌లో కార్మొడీ, విట్లో అనే ఇద్దరు పాటగాళ్ళు ఒకే స్టేజీ మీద, ఎదురెదురు పియానోల ముందు కూర్చోబోతున్నారు. నేను మధ్యలో ఇరుక్కుపోయానని మా ఇంటివాళ్ళు జాలిపడ్డారు. నేను మాత్రం ఇరుక్కున్నానని ఒక్క నిమిషం కూడా అనుకోలేదు. వెళ్ళాలని మా ఆయన పోయిన వారానికే నిశ్చయించుకున్నాను.

టికెట్లు కొన్నది ఆయనే. ఆయన అంటే గోపీ. గోపీనాథ్. అందరూ డాక్టర్ గారూ అనేవాళ్ళు గానీ, గుంటూరు మెడికల్ కాలేజీలో నా పక్క బెంచీలో కూర్చున్నవాణ్ణి గారూ అని ఎలా పిలుస్తాను? పెళ్ళయ్యాక కూడా నువ్వనే అన్నాను, గోపీ అనే పిలిచాను. దానికే మా బావగారు వీరభద్రంగారు ముప్ఫై ఏళ్ళు మొహం ముడుచుకున్నారు.

ఏప్రిల్‌లో గోపీ ఆ రెండు టికెట్లనూ ఫ్రిజ్ తలుపు మీద అయస్కాంతంతో అంటించి, నా వంక తిరిగి మీసం మెలేశాడు. మీసం లేదు, ఊరికే మెలేశాడు.

"వేణీ, నవంబర్‌లో తేలిపోతుంది" అన్నాడు.

ఏం తేలాలో చెప్పాలంటే మా పాత గొడవ చెప్పాలి.

గోపీ వాళ్ళ నాన్నగారు తెనాలిలో పద్యనాటకాలకి హార్మోనియం వాయించేవారు. ఆ నాటకాల్లో ఒక చిత్రమైన పద్ధతి ఉండేది. ఒకే నాటకంలో ఇద్దరు కృష్ణులు. ఒక సీనులో ఒక పేరున్న నటుడు, తర్వాతి సీనులో ఇంకో పేరున్న నటుడు. కథ అందరికీ తెలిసిందే కదా, జనం వచ్చేది ఏ కృష్ణుడు గొప్పో తేల్చుకోడానికి. పద్యం నచ్చిందంటే రాగం ఇంకా గాల్లో ఉండగానే "వన్స్‌మోర్!" అని అరిచేవాళ్ళు. యుద్ధం ఆగినా సరే, రాయబారం ఆగినా సరే, ఆయన మళ్ళీ మొదటినుంచి ఎత్తుకోవాల్సిందే. ఎవరికి వన్స్‌మోర్లు ఎక్కువ పడితే వాళ్ళది గెలుపు. ఓడిన కృష్ణుడి మనుషులు మర్నాడు టీకొట్టు దగ్గర కొట్టుకునేవాళ్ళు.

ఆ రక్తం పెట్టుకుని గోపీ నాతో కలిసి క్లీవ్‌లాండ్ వచ్చాడు. రెసిడెన్సీ రోజులు. హాస్పిటల్ వాళ్ళు ఇచ్చిన గదిలో ఒక మంచం, ఒక రేడియో. బయట మంచు, లోపల మేమిద్దరం. ఆ రేడియోలో ఒకరోజు కార్మొడీ వచ్చాడు. పియానోని వాయించడం కాదు, బాకీ వసూలు చేస్తున్నట్టు బాదుతున్నాడు. గోపీ మంచం మీద లేచి కూర్చున్నాడు.

"ఇది మా నాన్న హార్మోనియమే వేణీ, పెట్టె పెద్దదయిందంతే!"

నాకు ఆ మోత నచ్చలేదు. నేను చిన్నప్పుడు వీణ నేర్చుకున్నదాన్ని. ఓ పది రోజులకి అదే రేడియోలో విట్లో వచ్చాడు. ఒక స్వరానికీ ఇంకో స్వరానికీ మధ్య అతను కాసేపు ఊరుకుంటాడు. ఆ ఊరుకోవడంలోనే సగం పాట ఉంటుంది. పియానోలో గమకం పలకదని నాకూ తెలుసు. పలికినట్టు భ్రమ పెట్టేవాడు విట్లో. ఆ రోజే నా కృష్ణుణ్ణి నేను ఎంచుకున్నాను.

అంతే, ముప్ఫై నాలుగేళ్ళు కొట్టుకున్నాం. కార్లో కొట్టుకున్నాం, ఆపరేషన్ థియేటర్ బయట కొట్టుకున్నాం. నాకు నొప్పులు వస్తుంటే కారు నడుపుతూ కార్మొడీ క్యాసెట్ పెట్టాడు, నేను ఒక చేత్తో పొట్ట పట్టుకుని ఇంకో చేత్తో క్యాసెట్ పీకేశాను. మా రవి అలా పుట్టాడు. కార్మొడీకి ఒక పాట ఉంది, బస్ డిపోలో రాని మనిషి కోసం ఎదురుచూసే పాట. ఫీనిక్స్ పక్కన మేం స్థిరపడ్డ చాండ్లర్ నుంచి ఎక్కడికి బయల్దేరినా ఫ్రీవే ఎక్కగానే గోపీ అపశ్రుతిలో అది అందుకునేవాడు. నేను కిటికీ అద్దం దించేసేదాన్ని. ఎండాకాలంలో కూడా. అరిజోనా ఎండాకాలంలో!

ఇద్దరు గాయకులకీ అరవై దాటాయి, జుట్టు పోయింది, కలిసి ఊరూరా తిరుగుతున్నారని పేపర్లో చదివి గోపీ టికెట్లు కొన్నాడు. ఒకే స్టేజీ మీద ఇద్దరు కృష్ణులు. తెనాలి ఫీనిక్స్‌కే వచ్చింది.

"ఆ రోజు మావాడికి నువ్వే వన్స్‌మోర్ కొడతావు, చూస్తూ ఉండు" అన్నాడు.

"నా ప్రాణం పోయినా కార్మొడీకి వన్స్‌మోర్ కొట్టను" అన్నాను.

మే నెలలో ఒక ఆదివారం పొద్దున పేపర్ చదువుతూ చదువుతూ పోయాడు. స్ట్రోక్. ఇంట్లో ఇద్దరు డాక్టర్లం, ఏం లాభం? ప్రాణం పోయింది నాది కాదు.

బావగారు లేకపోతే ఆ రోజులు నేను దాటేదాన్ని కాదు, ఆ మాట ముందే చెప్తున్నాను. ఆయన కంప్యూటర్ చిప్‌లు తయారుచేసే కంపెనీలో చేసి రిటైరయ్యారు. మా ఇంటికి రెండు వీధుల అవతల ఉంటారు. ఫ్యునరల్ హోమ్‌తో మాట్లాడింది ఆయనే, పురోహితుణ్ణి పిలిచింది ఆయనే, రవి చేత పదకొండో రోజూ పన్నెండో రోజూ అన్నీ సక్రమంగా జరిపించింది ఆయనే. రవి శాన్ రామన్‌లో ఉంటాడు. నెలనెలా విమానం ఎక్కి వచ్చి మాసికం పెట్టి వెళ్తున్నాడంటే దానికి కారణం కూడా ఆయనే. తమ్ముడంటే ఆయనకి ప్రాణం. కానీ ఆయన ప్రేమంతా ఏది చేయకూడదో చెప్పడంలోనే ఉంటుంది.

ఏడాదిపాటు పండగల్లేవు, పేరంటాల్లేవు, గుడి మెట్లు ఎక్కకూడదు, కొత్త బట్టలు కట్టకూడదు. సరే అన్నాను. వినాయకచవితికి పత్రి తేలేదు, దీపావళికి దీపం పెట్టలేదు. మానడం నాకేం కష్టం కాలేదు. గోపీ లేకుండా దీపం పెట్టాలని నాకూ లేదు.

అక్టోబరులో బావగారు మా ఇంటికి మజ్జిగ తాగడానికి వచ్చారు. గ్లాసు పట్టుకుని ఫ్రిజ్ ముందు ఆగిపోయారు.

"ఇవేంటమ్మా?"

"టికెట్లు బావగారూ. గోపీ కొన్నాడు."

"అదే, ఇంకా ఇక్కడున్నాయేంటని. ఎవరికన్నా ఇచ్చేయకపోయావా?"

"ఎందుకివ్వాలి? నేను వెళ్తున్నాగా."

ఆయన గ్లాసు కౌంటర్ మీద పెట్టారు. జేబులోంచి ఫోన్ తీశారు గానీ దాన్ని నమ్మక, వెంటనే ఇంటికి ఫోన్ చేసి మా తోడికోడలు పద్మిని అక్క చేత వంటింటి గోడ మీది క్యాలెండర్ చూపించారు. ఇండియా నుంచి ఎవరో తెచ్చిన తెలుగు క్యాలెండర్ అది, ఆయనకి అదే వేదం.

"బహుళ దశమి. శనివారమే. చూశావా? సరిగ్గా మాసికం రోజు. తద్దినం పెట్టి, ఆ సాయంత్రమే పాటకచేరీకి వెళ్తావా? నలుగురు వింటే ఏమంటారు?"

"నలుగురూ వాళ్ళ పని చూసుకుంటారు."

"గోపీ ఆత్మ శాంతించొద్దా?"

"గోపీ ఎప్పుడు శాంతంగా ఉన్నాడు బావగారూ?"

మాట జారిందని అనుకోలేదు. అనాల్సిన మాటే అన్నాను. ఆయన మజ్జిగ తాగకుండానే వెళ్ళిపోయారు. ఆ రాత్రికే రవి ఫోన్.

"అమ్మా, నాకు ఓకే. నువ్వు వెళ్ళు. బట్ పెదనాన్న చాలా హర్ట్ అయింది." రవి తెలుగులో పెదనాన్నకీ పెద్దమ్మకీ తేడా ఉండదు. "పోనీ నెక్స్ట్ ఇయర్ వెళ్ళొచ్చు కదా? వాళ్ళు మళ్ళీ టూర్ చేస్తారు."

"వాళ్ళకి అరవై దాటాయి రా. ఇద్దరూ కలిసి మళ్ళీ వస్తారని ఎవరు చెప్పారు? అరవై దాటినవాళ్ళు నెక్స్ట్ ఇయర్ వస్తారని ఎవరు చెప్పారు?"

వాడు అమెరికన్ గొంతు తెచ్చుకుని, "మేబీ ఇట్స్ గుడ్. నీకు క్లోజర్ వస్తుంది" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. ఒకాయనేమో ఏడాది పూర్తయితే అంతా అయిపోతుందంటారు. ఇంకొకడేమో కచేరీ చూసేస్తే క్లోజర్ అంటాడు. మాట వేరు, తొందర ఒకటే. అందరూ కలిసి గోపీని ఎలాగోలా ముగించేద్దామని చూస్తున్నారు. నాకు ముగించాలని లేదు. నాకు వాడు కావాలి. దొరకడు, ఆ సంగతి మీకంటే నాకు బాగా తెలుసు. కనీసం వాడితో గొడవన్నా మిగలాలి. ఆ గొడవ కోసమే నేను వెళ్ళాలి.

ఆ తర్వాత మూడు వారాలు పద్మిని అక్క ఒక్కతే నాతో మామూలుగా మాట్లాడింది. అక్క సంగతి కూడా చెప్పాలి. బావగారు కుడి అంటే కుడి, ఎడమ అంటే ఎడమ. ఆవిడ సొంతంగా ఒక్క సినిమాకి కూడా వెళ్ళిన గుర్తు నాకు లేదు. నా దగ్గరికి వచ్చి కూరలు పెట్టి, టికెట్ల వంక చూసి వెళ్ళేది.

మాసికానికి ముందు బుధవారం పురోహితుడుగారు బావగారికి ఫోన్ చేశారు. సామాన్ల సంగతి చెప్తూ చెప్తూ, శనివారం కాదండీ శుక్రవారం పెట్టాలి అన్నారట. బావగారు నమ్మలేదు, క్యాలెండర్ చదివి వినిపించారు. ఆయన నవ్వి, అది ఇండియా లెక్క, అక్కడ శనివారం మధ్యాహ్నం ఉండే తిథి మనకి శనివారం తెల్లవారేలోపే వెళ్ళిపోతుంది, ఈ ఊళ్ళో దశమి శుక్రవారమే అన్నారట. అమెరికా వచ్చి ముప్ఫై ఏళ్ళయినా మనవాళ్ళు ఈ పొరపాటు చేస్తూనే ఉంటారండీ అని కూడా అన్నారట. అన్ని వేల చిప్‌లు డిజైన్ చేసిన మనిషి టైమ్ జోన్ దగ్గర బోల్తాపడ్డారు.

గంటలో బావగారు మా ఇంట్లో ఉన్నారు. మొహం వెలిగిపోతోంది. నా మీద గెలవడం కంటే నాతో పేచీ తప్పడమే ఆయనకి సంతోషం.

"అమ్మాయ్, దేవుడే దారి చూపించాడు. మాసికం శుక్రవారం. శనివారం నీకు ఏ అడ్డూ లేదు. ఏడాది మైల ఉందనుకో, అయినా చూసీ చూడనట్టు ఊరుకుంటాను. గోపీ కొన్నాడు కాబట్టి. లేతరంగు చీర ఏదన్నా కట్టుకుని, ఎవరికీ చెప్పకుండా వెళ్ళిరా. తెలిసి ఎవరన్నా అడిగితే తిథి ముందురోజే అయిపోయిందని నేను సర్దిచెప్తాను."

ఆయన మంచితనంతోనే అన్నారు. ఇంకెవరైనా అయితే బతుకుజీవుడా అని దండం పెట్టేవాళ్ళు. నాకేమో కోపం అరికాలి నుంచి నెత్తికెక్కింది.

"బావగారూ, తిథి శనివారమే అయినా నేను వెళ్ళేదాన్ని."

"ఇప్పుడు కాదుగా మరి, ఆ ప్రశ్నే లేదుగా!"

"ఉంది. పంచాంగం ఒప్పుకుంది కాబట్టి వెళ్ళానని రేపు మీరందరూ అనుకుంటారు. నేను పంచాంగాన్ని అడగలేదు. మిమ్మల్నీ అడగలేదు. దొంగచాటుగా వెళ్ళడానికి నేనేం తప్పు చేస్తున్నాను? మా ఆయన రమ్మన్నాడు, వెళ్తున్నాను."

"ఇంత మొండితనం పనికిరాదమ్మా."

"ఇది ఇవాళ పుట్టింది కాదు బావగారూ. మీ తమ్ముడు దీన్నే చేసుకున్నాడు."

శుక్రవారం మాసికం మా ఇంట్లోనే జరిగింది. రవి పిండం పెడుతుంటే నేను వెనక నుంచి చూశాను. ఆ పిల్లాడి భుజాలు అచ్చం గోపీవే. ఏడ్చాను. దాచుకోలేదు. క్రతువు మీద నాకేం కోపం లేదు, గోపీకి ఒక పూట అన్నం పెట్టడమంటే నాకూ ఇష్టమే. వాడికి గారెలంటే పిచ్చి.

భోక్తలు తిని వెళ్ళాక దగ్గరవాళ్ళకి భోజనాలు వడ్డించాం. టేబుల్ దగ్గర బావగారు, రవి, ఇంకో నలుగురు. వసుమతిగారు కూడా ఉంది. ఊళ్ళో ఏ విషయమైనా ఆవిడ చెవిన పడితే ఇక పేపర్లో వేయించక్కర్లేదు. పెరుగన్నం కలుపుకుంటూ ఆవిడ ఎంతో ఆప్యాయంగా, "రేపు ఒక్కదానివే ఉంటావు కదా కృష్ణవేణీ, సాయంత్రం మేమంతా వచ్చి కూర్చుంటాంలే" అంది.

నేను నోరు తెరిచేలోపే బావగారు అందుకున్నారు. "వద్దులెండి వసుమతిగారూ, అలసిపోయి ఉంటుంది. రేపంతా విశ్రాంతి తీసుకుంటుంది."

నా వంక చూశారు. ఊరుకోమ్మా అని కళ్ళతో బతిమాలారు. ఊరుకుంటే ఏ గొడవా లేదు. నా చేతిలో గారెల పళ్ళెం ఉంది. టేబుల్ మీద పెట్టేశాను.

"రేపు సాయంత్రం నేను ఇంట్లో ఉండను వసుమతిగారూ. కచేరీకి వెళ్తున్నాను, డౌన్‌టౌన్‌లో. గోపీ, నేను కలిసి వెళ్దామని కొన్న టికెట్లు. రేపు తిథి కాదు గానీ, అయినా వెళ్ళేదాన్నే. ఎర్రచీర కట్టుకుని వెళ్తున్నాను. ఎవరన్నా అడిగితే ఈ మాట ఇలాగే చెప్పండి."

కుండ బద్దలు కొట్టాను. బల్ల చుట్టూ నమలడం ఆగిపోయింది. వసుమతిగారి చెయ్యి పెరుగన్నంలోనే ఉండిపోయింది. బావగారు తల దించుకున్నారు. రవి నీళ్ళ గ్లాసు వెనక దాక్కున్నాడు.

పద్మిని అక్క స్టవ్ దగ్గర నిలబడి ఉంది. చారు గరిటె చేతిలో అలాగే పట్టుకుని, ఎవరి వంకా చూడకుండా అడిగింది.

"రెండో టికెట్ ఎవరికిచ్చావే?"

"ఎవరికీ ఇవ్వలేదక్కా."

"అయితే నేనొస్తా."

బావగారు తలెత్తారు. "పద్మినీ! నీకా మ్యూజిక్ గురించి ఏం తెలుసు?"

"ఏం తెలీదు. నాకు పియానో మోతంటే తలనొప్పి. అయినా వస్తా." గరిటె గిన్నెలో పెట్టి బల్ల దగ్గరికి వచ్చింది. "నేను పోతే మీరు ఏడాది పాటు టీవీ మానేస్తారు, అదేగా? ఆ ఏడాది అయ్యాక నాతో ఏం గొడవ పడతారు? మనకి గొడవే లేదు. వీళ్ళకి ఉంది. మా మరిది ఏదో తేల్చుకుందామని టికెట్ కొన్నాడు, వాడి తరఫున ఎవరో ఒకళ్ళు కూర్చోవాలిగా."

ఆవిడ నోట అంత పెద్ద మాట నేనెప్పుడూ వినలేదు. ఆవిడ మొగుడు కూడా విన్నట్టు లేడు.

శనివారం మిరపపండు రంగు వెంకటగిరి చీర కట్టుకున్నాను. బొట్టు ఎప్పుడూ మానలేదు, ఇవాళ కొంచెం పెద్దది పెట్టాను. ఫ్రీవే ఎక్కగానే కారు నిశ్శబ్దంగా అయిపోయింది. డిపో పాట ఎత్తుకోవాల్సిన చోటు అది. అలవాటుగా నా చెయ్యి అద్దం బటన్ మీదకి వెళ్ళింది. దించడానికి ఏ అపశ్రుతీ లేదు. అక్క నా చెయ్యి చూసింది.

అరీనా గేటు దగ్గర సెక్యూరిటీ అమ్మాయి అక్క సంచీ విప్పించింది. లోపల డబ్బాలో నిన్నటి గారెలు. బయటి తిండి లోపలికి తేకూడదంది. అక్క వెనక్కి తగ్గలేదు. "గారెలు పారేస్తామా ఎక్కడన్నా?" అని అక్కడే లైనులో నిలబడి తను రెండు తిని, నా చేత రెండు తినిపించి, మిగతావి వెనక నిలబడ్డ ఇద్దరు తెల్లవాళ్ళకి పంచిపెట్టింది. వాళ్ళు డోనట్స్ అనుకున్నారు. ఉప్పగా ఉన్నా మొహమాటపడి తినేశారు.

లోపల అంతా మా వయసువాళ్ళే. మోకాళ్ళు పట్టుకుని మెట్లు దిగుతున్నారు. బిగుతైన పాత టీషర్టులు, వాటి మీద సన్నగా ఉన్నప్పటి కార్మొడీ, జుట్టున్నప్పటి విట్లో. లైట్లు ఆర్పారు. స్టేజీ మీద రెండు నల్లటి పియానోలు, రెండిటి ముట్టెలూ ఒకదానికొకటి తగిలేట్టు పెట్టారు. పందెం పొట్టేళ్ళలా ఉన్నాయి. గోపీ చూసి ఉంటే అప్పుడే లేచి నిలబడేవాడు.

ముందు విట్లో పాడాడు. నా కృష్ణుడు ముసలాడయ్యాడు. వేళ్ళ కణుపులు వాచి ఉన్నాయి, పెద్ద తెర మీద చూపిస్తుంటే డాక్టర్ని కదా, నాకు తెలిసిపోతుంది. వాటితో వాయించడం ఎంత నొప్పో. పై స్థాయి అందలేదు. అందనిచోట కిందికి దించి పాడాడు. క్షమించమన్నట్టు నవ్వలేదు, వయసైపోయిందని జోకు వేయలేదు. ఇది ఇప్పటి నా గొంతు, వింటే వినండి అన్నట్టు పాడాడు. నాకు ఎంత గర్వంగా అనిపించిందో చెప్పలేను.

తర్వాత కార్మొడీ. అరవై ఏళ్ళు దాటినా బాదుడు తగ్గలేదు. స్టేజీ బల్లలు ఎగిరిపోతాయేమో అన్నట్టు వాయించాడు. ఇరవై వేలమంది లేచి ఊగారు. నేను చేతులు కట్టుకుని కూర్చున్నాను. అబద్ధమెందుకు, బాగానే ఉంది. చాలా బాగుంది. కాలు దానంతటదే ఆడుతుంటే చీర కుచ్చిళ్ళు అడ్డం పెట్టి దాచాను.

"ఈయన బాగున్నాడే!" అంది అక్క, చప్పట్లు కొడుతూ. తలనొప్పి ఏమైందో మరి.

"నువ్వు ఊరుకో అక్కా."

"మా మరిది వీడి పక్షమేనా?"

"అవును."

"పిల్లాడికి టేస్టు ఉంది."

కార్మొడీకి ఒక్క వన్స్‌మోర్ కూడా నా నోట రాలేదు. పళ్ళు బిగించి గెలిచాను.

అప్పుడు వాళ్ళు ఆ పని చేశారు. ఇద్దరూ లేచి, ఒకళ్ళ పియానో దగ్గరికి ఒకళ్ళు వెళ్ళి కూర్చున్నారు. ఇకమీద ఇతని పాట అతను, అతని పాట ఇతను పాడతారని మైకులో చెప్పారు. తెనాలిలో ఎంత ముదిరినా ఈ పని ఎవరూ చేసి ఉండరు.

విట్లో వేళ్ళు పియానో మెట్ల మీద పెట్టి కాసేపు ఊరుకున్నాడు. తర్వాత డిపో పాట ఎత్తుకున్నాడు.

గోపీ పాట. ముప్ఫై నాలుగేళ్ళు అపశ్రుతిలో, అద్దం దించేసిన కార్లో, గాలికి సగం ఎగిరిపోతూ విన్న పాట. కార్మొడీ దాన్ని కోపంగా పాడతాడు, రాని మనిషిని తిడుతున్నట్టు. విట్లో తిట్టలేదు. ఒక్కో మాట తర్వాత ఆగాడు. ఆ ఆగినచోట ఎదురుచూడటం వినిపించింది. ఆ మనిషి రాడని పాడేవాడికీ తెలుసు, అయినా బెంచీ మీంచి లేవడు. లేవమని ఎంతమంది చెప్పినా లేవడు. నాకు ఏడుపు ఆగలేదు. ఈ పాట ఇంత బాగుంటుందని ఒక్కసారి కూడా ఒప్పుకోలేదు నేను.

చివరి స్వరం ఇంకా గాల్లో ఉంది. ఈ దేశంలో జనం ఆ స్వరం పూర్తిగా ఆగేదాకా మర్యాదగా చూస్తారు. మాకు ఆ మర్యాద లేదు. ఎప్పుడు లేచానో తెలీదు, ఎర్రచీర కొంగు నడుముకి దోపుకుని, తెనాలి నేలటికెట్టు గొంతుతో అరిచాను.

"వన్స్‌మోర్!"

ఆ నిశ్శబ్దంలో అది స్టేజీ దాకా వెళ్ళింది. ముందు వరసలవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. విట్లో కళ్ళ మీద చెయ్యి అడ్డం పెట్టుకుని మావైపు చూశాడు.

"వన్స్‌మోర్!" మళ్ళీ అరిచాను. ఈసారి పక్కన అక్క కూడా లేచింది. ముసల్ది, జీవితంలో గొంతెత్తని మనిషి, రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని అరిచింది. గారెలు తిన్న ఇద్దరికీ సీట్లు మా వెనకే పడ్డాయి, వాళ్ళూ అందుకున్నారు. ఆ తర్వాత మా వైపు సెక్షనంతా.

విట్లో మైకులో నవ్వాడు. అక్కడ ఎవరో ఆవిడ ఇప్పుడే మళ్ళీ కావాలంటోంది, ఈ వయసులో నన్ను మళ్ళీ కావాలని ఎవరూ అడగలేదు అన్నాడు. జనం గొల్లుమన్నారు. అతను కార్మొడీని చేత్తో పిలిచాడు. కార్మొడీ వచ్చి అదే బెంచీ మీద పక్కన సర్దుకుని కూర్చున్నాడు. ఇద్దరూ కలిసి మళ్ళీ మొదటినుంచి ఎత్తుకున్నారు. ఒకళ్ళ ఎడమచెయ్యి, ఒకళ్ళ కుడిచెయ్యి. ఒక పాట.

నేను కూర్చోలేదు. నిలబడే విన్నాను. గోపీ మాట నా చెవిలో స్పష్టంగా వినిపించింది. ఊహించుకోవడం కాదు, వాడు ఏమంటాడో నాకు తెలుసు. "చూశావా, కొట్టావా వన్స్‌మోర్? పాట ఎవరిది? మావాడిది!" నేనూ అంతే గట్టిగా అన్నాను. "చెయ్యి ఎవరిది? మావాడిది!"

తిరిగి వచ్చేటప్పుడు కారెక్కగానే అక్క తీర్పు చెప్పేసింది. "మా మరిదే గెలిచాడే. నువ్వు అరిచింది వాడి పాటకే."

"విట్లో వాయించాడు కాబట్టి అరిచాను. మీ కార్మొడీ అదే పాట వెయ్యిసార్లు పాడాడు, ఒక్కసారన్నా అరిచానా?"

"అయితే విట్లోకి సొంత పాట లేకపోయిందా? ఈయన దగ్గర అరువు తెచ్చుకోవాల్సి వచ్చిందా?"

చాండ్లర్ వచ్చేదాకా కొట్టుకున్నాం. ఎన్ని నెలల తర్వాతో నాకు ఆకలేసింది.

మర్నాడు పొద్దున రవిని ఎయిర్‌పోర్టుకి దింపడానికి బావగారు వచ్చారు. వసుమతిగారు అప్పటికే ఆయనకి ఫోన్ చేసి ఉంటుందని మొహం చూస్తేనే తెలిసింది. లోపలికి రాలేదు, గుమ్మంలోనే నిలబడ్డారు. నేను చినిగిన టికెట్లు రెండూ మళ్ళీ ఫ్రిజ్ మీద అంటిస్తున్నాను.

"చేసింది మంచిపని కాదు" అన్నారు.

"సరే బావగారూ."

"నా మాట నేను మార్చుకోను."

"నేనూ మార్చుకోను."

ఆయన కదలలేదు. చెప్పులు నేలకేసి రాస్తూ నిలబడ్డారు. తర్వాత ఎటో చూస్తూ అడిగారు.

"మావాడిది కార్మొడీ పార్టీయే కదూ?"

"అవును."

"పద్మిని చెప్పింది. నువ్వు వన్స్‌మోర్ కొట్టింది కార్మొడీ పాటకేనటగా. మరి మావాడు గెలిచినట్టేగా?"

ఆ గొంతులో తమ్ముడు ఉన్నాడు. అయినా నేను ఒక్క మెట్టు కూడా దిగలేదు.

"పాట కార్మొడీదైతే ఏం, వాయించిన చెయ్యి విట్లోది!"

"పాట లేంది చెయ్యేం చేస్తుందమ్మా?"

"చెయ్యి లేంది పాటేం చేస్తుంది?"

వెనకనుంచి రవి సూట్‌కేస్ ఈడ్చుకుంటూ వచ్చాడు. "సో, అమ్మా, ఫైనల్లీ సెటిల్ అయిందా?"

నవంబర్‌లో తేలిపోతుందన్నాడు గోపీ. తేలలేదు. తేలనివ్వను.